కాలువ మీద బండ

సుభద్రా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఈరోజు ఇంట్లో ఒకచోట కుదురుగా ఉండలేక, లేస్తూ కూర్చుంటూ ఇది రాస్తున్నాను.

తార్నాక నుంచి క్యాంపస్‌కి వెళ్ళే దారిలో ఆ కాలువ ఉంది కదా. మోకాళ్ళ నొప్పితో దాటలేక, "మీరు తిరిగి రండి, నేనిక్కడే ఉంటాను" అని గట్టు మీద ఆగిపోయేదానివి. దాని మీద ఒక రాతి బండ వేయించమని ఓవర్సీరుని ఎన్నిసార్లు అడిగానో! "ముసలోళ్ళకు షికార్లేంది సార్, ఇంట్ల కూసోరాదుండ్రి" అన్నాడు. నేను చదివిన చరిత్ర నిండా ఇలాంటి చిన్న దొరలే.

పోయిన వారం ఎవరో మంత్రిగారు వస్తున్నారని రోడ్డు పక్క రాళ్ళకు సున్నం కొట్టి, కాలువ మీద బండ వేశారు. ఆయన కారు దిగనేలేదు. ఈ ఉదయం ఆ బండని ఎత్తుకుపోవడానికి ఓవర్సీరు లారీతో వచ్చాడు. నేను వెళ్ళి దాని మీద కూర్చున్నాను.

"లేవుండ్రి సార్, ఏంది గిది? లారీ ఆగింది."

"కూర్చోమన్నది నువ్వేగా. కూర్చున్నాను."

ఈలోగా వారాసిగూడ వైపు నుంచి ఒక ముసలమ్మ నెత్తిన కూరగాయల గంపతో వచ్చింది. "జర జరుగు పెద్దయ్యా" అంటూ నా భుజం పట్టుకుని, బండ మీదుగా అవతలికి దాటిపోయింది. కూలీలు నవ్వారు.

"రేపొస్తం" అని ఓవర్సీరు లారీ ఎక్కాడు.

రానీ. నువ్వు నాకంటే ముందే దాటి వెళ్ళిపోయావు. రేపటి నుంచి నేనక్కడే ఉంటాను.