నీ సైకిల్ బ్రేకులో ఏ నూనె పోయించానంటే

నా పేరు నీలమ్మ, వయసు డెబ్బై రెండు, మాది కంచిలి దగ్గర కొబ్బరితోటల ఊరు. ఇంట్లో నేనూ, నీ కూతురు గౌరీ ఉంటున్నాం. అక్షరం రాని నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది, కొడకా.

నువ్వు పోయి ఏడాదైంది. నీ డిస్కు బ్రేకుల సైకిల్ మీదే కాలేజీకి వెళ్తానని గౌరి పట్టుబట్టింది. లోపలి నూనె ఒత్తిడితో పట్టే ఆ బ్రేకు, నొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. పలాస తీసుకెళ్లాం. మెకానిక్ సింహాచలం మోటారు సైకిల్ బ్రేకాయిల్‌ని సిరంజిలోకి లాగాడు. పోయబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"బ్రేకాయిలంటే బ్రేకాయిలే, మామ్మా. సదువుకోనిదానివి, నీకేటి తెలుసు?"

"నా కొడుకు సేత్తంటే సూసినానురా. సైకిల్లోది ఓ సుక్క తీసి నీల్లలో ఎయ్యి. నీ సీసాలోదీ ఎయ్యి."

సైకిల్లోని చుక్క నీళ్ల మీద తేలింది. అతని సీసాలోది నీళ్లలో కలిసిపోయింది.

"తేలింది నూనె. నీది కలిసిపోనాది. ఇది పోత్తే లోపలి రబ్బర్లు ఉబ్బిపోవా? బ్రేకు పడకపోతే నా మనవరాలు ఎక్కడాగుతాదిరా?"

సింహాచలం సిరంజి కింద పెట్టాడు. మూడు రోజులకి విశాఖ నుంచి నీళ్ల మీద తేలే ఆ రకమే, సైకిల్ బ్రేకుల మినరల్ ఆయిల్, తెప్పించి పోశాడు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. వంతెన వాలు కింద నేను నిలబడి, గౌరిని పైనుంచి రమ్మన్నాను. వేగంగా వచ్చింది. ముందు చక్రం నా కుచ్చిళ్లకు జానెడు దూరంలో ఆగింది.

నువ్వుంటే అక్కడ నువ్వే నిలబడేవాడివి.

ఇది నీలమ్మ వేలిముద్ర.
సాక్షులు: రాసిన టీచరమ్మ సత్యవతి, మెకానిక్ సింహాచలం.