మూత తెరవగానే పట్టు తప్పు కిల్ స్విచ్

సమాచార భద్రతాధికారి గారి సముఖమునకు, ఆస్పత్రి రికార్డుల విభాగమునకు ఇంటినుండి పనిచేయు టైపిస్టు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: వీపీఎన్ కిల్ స్విచ్ ఒక్కొక్క సిస్టంలో ఒక్కొక్క తీరుగా ప్రవర్తించుట – నాకిచ్చిన మెమో రద్దు కోరుట – గురించి.

అయ్యా,

డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన మాటలు విని రోగుల డిశ్చార్జి కాగితములు టైపు చేయుట నా విధి. రోగుల గుట్టు బయటపడకుండ వీపీఎన్ అను చాటుదారిలోనే పనిచేయవలెననియు, ఆ దారి తెగిన మరుక్షణం ఇంటర్నెట్టు మొత్తం ఆగునట్లు కిల్ స్విచ్ పెట్టుకొనవలెననియు తమ ఉత్తర్వు. ఈ నెలలో మూడు పర్యాయములు నా ఇంటి ఇంటర్నెట్ అడ్రసు బయటికి పొక్కినదనియు, మరొక్కసారి పొక్కినచో పనిలోనుండి తీసివేతుమనియు మెమో అందినది. నా మొర ఆలకింపుడు.

1. తమరిచ్చిన లాప్‌టాప్‌లో స్విచ్ వీపీఎన్ యాప్ లోపలనే ఉన్నది. మూత వేసి తెరిచినచో వైఫై ముందు లేచును, యాప్ ఆవులించుచు తరువాత లేచును. ఆ సందులో అడ్రసు పొక్కిపోవును. పిమ్మట స్విచ్ పడును. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగిన చందము.

2. మా తమ్ముడు వదిలిపోయిన కంప్యూటరులో వేరే సిస్టం. (తమ్ముడు వేరుకాపురం పెట్టినాడు. ఇంట్లో ఇప్పుడు నేనొక్కడినే. ఇది మెమోకు సంబంధించినది కాదు.) అందులో స్విచ్ ఫైర్‌వాల్ అను కాపుగోడలోనే పాతుకొని ఉన్నది. వీపీఎన్ తెగినది, యాప్ తీసివేసినను కట్టడి మాత్రం పోక రోజంతా ఇంటర్నెట్టు ఆగిపోయినది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు. ఆ రోజు డాక్టర్ల గొంతులు కూడ లేవు. మా గోడగడియారం అంత గట్టిగా కొట్టుకొనునని అప్పుడే తెలిసినది.

3. ఫోనులో కట్టడి సిస్టం సెట్టింగులలోనే ఉన్నందున, ఆపి వెలిగించినను అడ్రసు చుక్కయైనను కారలేదు. కాని బొటనవేళ్ళతో డిశ్చార్జి కాగితములు టైపు చేయుట మానవమాత్రుల వల్ల అగునా?

4. అడ్రసు పొక్కినప్పుడెల్ల తమ నిఘా డెస్కునుండి ఒక అమ్మాయి ఫోను చేయును. మాట్లాడునది నేనో, నా పేరున దూరిన దొంగయో తేల్చుటకు, ఉద్యోగంలో చేరినప్పుడు నేను వ్రాసియిచ్చిన రహస్య జవాబులు అడుగును.

"మీకిష్టమైన రంగు చెప్పండి."

"ఆకుపచ్చ, తల్లీ."

"చిన్నప్పుడు ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలిచేవారండీ?"

"ఉడత."

"సరిపోయింది ఉడత గారూ. మీరేనండీ" అని నవ్వినది.

ఆమె తన విధిని సక్రమముగా నిర్వర్తించుచున్నదని మనవి. మా అమ్మ పోయిన తరువాత నన్ను ఆ పేరుతో పిలిచినవారు లేరు. డాక్టర్లు రోజంతా నా చెవిలోనే మాట్లాడుదురు గాని, ఒక్కరును నాతో మాట్లాడరు. ఇదియు మెమోకు సంబంధించినది కాదు.

కావున సదరు మెమో రద్దుపరచి, కట్టడి సిస్టంలోనే ఉండు యంత్రములను అందరికీ ఒకే రకమువి ఇప్పించ ప్రార్థన. దోషము మీటదే గాని, మీట ముందు కూర్చున్నవానిది కాదని దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఇంటి టైపిస్టు

తా.క.: పైన రాసిందంతా నిజమే సార్, కానీ ఒకటి దాచాను. లాప్‌టాప్‌లో కూడా సిస్టం సెట్టింగుల్లో కట్టడి పెట్టుకోవచ్చని ఆ అమ్మాయి మొదటిసారే చెప్పింది. ఎక్కడ నొక్కాలో కూడా చెప్పింది. నేను నొక్కలేదు. మూత వేస్తూ తెరుస్తూ కూర్చున్నాను. మెమో వచ్చాక భయపడి నొక్కాను. ఇప్పుడు ఎన్నిసార్లు మూత తెరిచినా చుక్క కారడం లేదు. ఫోనూ మోగడం లేదు. మెమో సంగతి మీ దయ. లీకు లేకపోయినా సరే, ఎప్పుడైనా ఒకసారి, ఇక్కడున్నది నేనో కాదో కనుక్కోమని ఆ అమ్మాయికి చెప్పండి.