ఏడు గంటల నిద్ర

జూన్ 6, 2022
మూడు నెలల సగటు షుగర్ 6.3, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. తమ్ముడు దశరథ్‌కు కిడ్నీ ఇస్తానంటే చేసిన టెస్టుల్లో బయటపడింది. మా ఇంట్లో ఇంకెవరిదీ మ్యాచ్ కాలేదు.

ఆరేళ్లుగా కొత్తకోట దగ్గర టోల్ బూత్‌లో నాది నైట్ డ్యూటీ. సరైన నిద్ర లేకపోతే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదట. డే షిఫ్టుకు మారి రోజూ ఏడు గంటలు పడుకోమన్నది డాక్టరమ్మ. సెప్టెంబర్‌లో మళ్లీ టెస్టు. తగ్గితేనే ఆపరేషన్. పడుకోవడం కూడా ఒక పనేనా అనుకున్నాను.

జూన్ 19
డే షిఫ్టు ఇచ్చారు. రాత్రి మూడైనా కళ్లు మూతపడలేదు.

జూన్ 28
నా నిద్రకు ఇంటిల్లిపాదీ కాపలా. అమ్మ ఎనిమిదింటికే టీవీ బంద్ చేస్తుంది. అరికాళ్లకు ఆముదం రాస్తుంది. పాలల్లో బెల్లం వేయబోతే వద్దన్నాను. చక్కెర కాదు గదనే, బెల్లమేనాయె అన్నది. పక్కింటి గుర్వమ్మతో కొట్లాట కూడా పెట్టుకుంది, మా బిడ్డ పండుకునే యాళ్లకు గా మిక్సీ బంద్ పెట్టరాదా అని. ఇంత సేవ జరుగుతుంటే ఎవరికి నిద్ర వస్తుంది?

జూలై 15, రాత్రి 2:40
దశరథ్ దగ్గొచ్చినప్పుడల్లా బయటికెళ్లి దగ్గి వస్తున్నాడు, నాకు మెలకువ వస్తుందని. నేను కళ్లు మూసుకుని వాడి చెప్పుల చప్పుడు వింటున్నాను.

జూలై 16
నిద్ర పట్టిందా అని అమ్మ అడిగింది. పట్టిందన్నాను.

జూలై 24
రాత్రి మూడు గంటలే పడుకున్నాను. నిద్ర లేని రోజు ఆకలి ఆగదు. బరువు కిలోన్నర పెరిగింది.

ఆగస్టు 9
వాడి డయాలసిస్‌కు తోడుగా పాలమూరు వెళ్లాను. కుర్చీలో కూర్చున్నచోటే కునుకు పట్టింది. మంచిగ పండుకున్నవక్కా, గట్లనే ఇంటికాడ గూడ పండుకో అన్నాడు. చచ్చేంత కోపం వచ్చింది. పాపం, వాడేం చేశాడు? కిడ్నీ ఇమ్మని వాడు అడగలేదు, అమ్మా అడగలేదు. చుట్టాలందరి ముందు నేనే ఇస్తానన్నాను. అందరూ మెచ్చుకున్నారు. కడుపు కోస్తారంటే నాకు భయం. ఆ మాట ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

సెప్టెంబర్ 7
6.8. నేను పనికిరానన్నారు. అమ్మ దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. దశరథ్ ఏడవలేదు. జర నీ షుగర్ సంగతి చూసుకో అక్కా, నా ఫికర్ పెట్టుకోకు అన్నాడు. బస్సులో కిటికీ సీటు నాకే ఇచ్చాడు.

సెప్టెంబర్ 8
రాత్రి తొమ్మిదికి పడుకున్నాను. లేచేసరికి ఏడున్నర. మధ్యలో ఒక్కసారి కూడా మెలకువ రాలేదు.