సురేశ్ గృహప్రవేశం

శనివారం, రాత్రి

మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో సురేశ్ కొత్తింటి గృహప్రవేశానికి వెళ్లొచ్చాం. యూనివర్సిటీలో నా రూమ్మేట్ వాడు. నాలుగేళ్ల కిందట "ఇల్లెందుకురా, అద్దెకుండి షేర్లలో పెట్టు" అని వాడికి చెప్పింది నేనే. వాడు వినలేదు. నేను మాత్రం నా మాటే విన్నాను.

వాళ్ల పాప గది చూసి మా అమ్మాయి, "డాడ్, కెన్ వి పెయింట్ మైన్ టూ?" అంది. అద్దింటి గోడలు మనవి కావని చెప్పలేక "చూద్దాంలే" అన్నాను. సురేశ్ విన్నట్టున్నాడు. "మీ ఓనర్ ఇల్లు అమ్మేస్తున్నాడటగా? వేరేది దొరికేదాకా ఇక్కడికే వచ్చెయ్యండ్రా" అన్నాడు. ఆ మంచితనం కూడా నాకు గుచ్చుకుంది.

భోజనాలయ్యాక కుర్చీలు సర్దడానికి గ్యారేజీలోకి వెళితే గోడలో పొడవాటి పగులు కనిపించింది. ఇప్పుడే చెబితే బిల్డర్ ఉచితంగా బాగుచేస్తాడు. నాకు సంతోషమేసింది. కుర్చీలన్నీ దానికి అడ్డంగా పేర్చి వచ్చేశాను.