కంచంలో తూకం

ఉప్పుగూడ,
సోమవారం

జల్‌పల్లిలోని చెల్లెమ్మ విమలాదేవి గారికి, మీ వియ్యంకుడు వైకుంఠం నమస్కారం చేసి రాసేది.

ఇక్కడ అందరం కులాసా, నేను తప్ప.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని మీరనుకోవచ్చు. నాకు చెవులు మందం. నేను ఫోన్‌లో మాట్లాడితే స్టేషన్‌లో రైలు దిగినవాళ్లకు కూడా వినిపిస్తుందని మావాళ్లు అంటారు. చెప్పాల్సిన సంగతేమో మీ అమ్మాయి గురించి. అందుకని మా దుకాణం పప్పుల బస్తాలు మీ వైపు వేసే ఇషాక్ భాయ్ ఆటోలో ఈ ఉత్తరం పంపుతున్నాను.

స్రవ్యకు ఆరో నెల నడుస్తోంది కదా. పరీక్షకు పోయే ఆస్పత్రిలో ఆమెకు ఒక కాగితం ఇచ్చారు. ఆరోగ్యంగా ఉన్న మనుషులకు ఏ వయసులో రోజుకు ఏది ఎంత కావాలో అందులో ఉంది. కడుపుతో ఉన్నవాళ్లకు ఒక వరస, ఎదిగే పిల్లలకు ఒకటి, సంపాదించే వయసు వాళ్లకు ఒకటి, అరవై దాటినవాళ్లకు ఒకటి. ఆమె వరస ఆమె చదువుకుని ఊరుకుంటే లొల్లి ఉండేది కాదు. నా ఖర్మకొద్దీ మా ఇంట్లో అన్ని వరసలకూ మనుషులున్నారు. స్రవ్య, మా అబ్బాయి వివేక్, మా దగ్గరే ఉండి ఇంటర్ చదువుతున్న నా మనవరాలు, కూతురి బిడ్డ సాయిప్రియ, చివరి వరసలో నేను. మీ అమ్మాయి కాగితాన్ని వంటింటి తలుపుకు అంటించి, దుకాణం నుంచి తూకం వేసే చిన్న కాంటా తెప్పించింది.

మొన్న మధ్యాహ్నం నా కంచంలో చిన్న గరిటెడు అన్నం పెట్టింది. పక్కన పాలకూర.

"ఏందమ్మా, పిట్టకు పెడుతున్నవా?" అన్నాను.

"అరవై దాటినంక బియ్యం, జొన్నల అసుంటి గింజలు తగ్గాలె మామయ్యా. బస్తాలు ఎత్తుడు బంద్ చేసినవు గదా. పప్పు, పాలు, ఆకుకూర మాత్రం తగ్గొద్దు," అంది.

"నాకు గడ్డి వద్దు, అన్నం పెట్టు," అన్నాను.

మధ్యలో సాయిప్రియ అందుకుంది. "తాతా, నీకంటే నాకే ఇనుము ఎక్కువ కావాల్నట. కాగితంల ఉంది, చూస్కో."

నలభై ఏళ్లు ఇనుప రాళ్లు పెట్టి తూచినవాణ్ని. ఇప్పుడు ఇనుములో కూడా నా వాటా తగ్గిపోయింది.

మీరు తల్లి. మెల్లగా ఒక మాట చెప్పి, ఆమె చెయ్యి కాస్త వదులు చేయించండి.

ఇట్లు,
సగం కడుపుతో,
వైకుంఠం

తా.క. ఇషాక్ భాయ్‌కి చాయ్ ఇవ్వండి. బిస్కెట్లు ఇచ్చేట్టయితే నాలుగు ఇవ్వండి. రెండు నాకు తెస్తానని మాటిచ్చాడు.


జల్‌పల్లి,
బుధవారం

పెద్దవారు, అన్నయ్య వైకుంఠం గారికి విమలాదేవి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ కంచం గురించి ఇంత పొడుగు రాశారు. నా బిడ్డ కంచంలో ఎంత ఉందో ఒక్క ముక్క రాయలేదు.

మీ ఇంట్లో అన్నం తూచి పెడతారని మాత్రం అర్థమైంది. ఆ పని నా బిడ్డ సొంతంగా మొదలుపెట్టిందంటే నేను నమ్మను. పెళ్లికి ముందు అది పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూసేది కాదు. కాంటా మీ దుకాణానిది. బుద్ధి కూడా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. మా ఊళ్లో పత్తి తూచాం, మిరపకాయలు తూచాం. తినే బువ్వ తూచిన ఇల్లు నేను చూడలేదు. మా అత్త బియ్యం సోలతో కొలిచి, ఆ మీద ఒక పిడికెడు వేసేది. ఆ పిడికెడు ఎవరి కోసమని ఎవరూ అడగలేదు.

స్రవ్యకు ఫోన్ చేశాను. "మంచిగనే తింటున్ననే అమ్మా," అంది. అత్తగారింట్లో నిలబడి ఇంకేమంటుంది?

మీ ఇషాక్ భాయ్‌ని కూడా అడిగాను. చాయ్ ముందుపెట్టి, "నిజం చెప్పు భాయ్," అన్నాను.

"నన్నెందుకు పరేషాన్ చేస్తవమ్మా? కాంటా వంటింట్లకు పోయింది, గది నిజం. మిగతాది అల్లాకెరుక," అన్నాడు. చెప్పలేని మాట ఉన్నవాడే పైవాడి పేరు తీస్తాడు.

ఈ ఆటోలోనే డబ్బాడు నువ్వుల ముద్దలు పంపుతున్నాను. అవి కడుపుతో ఉన్న పిల్లకు. మీకు కాదు.

ఇట్లు,
కాంటా లేని ఇంటి మనిషి,
విమలాదేవి

తా.క. ముద్దలు ఎన్ని ఉన్నాయో రాయడం లేదు. మీరెలాగూ తూస్తారు.


ఉప్పుగూడ,
శనివారం

చెల్లెమ్మ గారికి వైకుంఠం రాసేది. కులాసా సంగతి ఈసారి వదిలేస్తున్నాను.

మీ మాట నాకు బాధ కలిగించింది. తూచేది మేం కాదు, మీ అమ్మాయి. మీరు పంపిన ముద్దలను కూడా వదల్లేదు. డబ్బా మూత తీసి, కాగితంలో నూనెగింజల లెక్క వెతికి, ముద్దలను కాంటా మీద పెట్టింది. తనకు ఒకటి, సాయిప్రియకు ఒకటి, నాకు అర. అరముద్ద ఎలా వస్తుందని నేనంటుంటే కత్తితో కోసింది. నువ్వుల ముద్దను కత్తితో కోయడం నా వయసులో మొదటిసారి చూశాను.

ఇక తూకంలో మోసం ఉందన్నట్టు రాశారు. ఆ మాట వెనక్కి తీసుకోవాలి. తూకం నేనే దగ్గరుండి సరిచేయించాను. ఇది నా మొదటి ఉత్తరానికి ముందటి సంగతి. మొదట్లో ఆమె బియ్యం కడగకముందు తూచి, అన్నీ ఒకే గిన్నెలో పోసి వండేది. అది పద్ధతి కాదు. మా వ్యాపారంలో బండికి ఎక్కించినప్పటి తూకం తూకమే కాదు. సరుకు దిగినచోట, కొన్నవాడి కళ్లముందు తూచిందే లెక్క. దారిలో వచ్చిన తరుగు అమ్మినవాడిది. అన్నం దిగేది కంచంలో. కాబట్టి కంచంలోనే తూచమని చెప్పాను.

"వండితే బరువు మారుతది మామయ్యా," అని ఏదో చెప్పబోయింది.

"నలభై ఏండ్ల కాంటా నాది. నాకు చెప్తవా?" అన్నాను. ఆ రోజు నుంచి నా అన్నం కంచంలోనే తూస్తోంది.

వాళ్ల కంచాల్లో ఎక్కువే ఉంటుంది. నేను ఏమీ అనను. సాయిప్రియది పెరిగే వయసు. స్రవ్య ఇద్దరి కోసం తింటోంది. వివేక్ రోజంతా దుకాణంలో నిలబడతాడు. నాది తరిగే వయసు.

ఇట్లు,
అరముద్ద వైకుంఠం

తా.క. మీ దగ్గర దాచడం ఎందుకు? సాయంత్రం నాలుగింటికి నేను మా దుకాణం వెనక గల్లీలో ఉన్న ఇషాక్ భాయ్ ఇంటికి పోతున్నాను. ఆయన భార్య రఫియా నా కోసం వేరే గిన్నె పెట్టి జొన్నరొట్టె, పాలకూర పప్పు చేస్తుంది. ఏం రుచి! అదే పాలకూర మా ఇంట్లో గడ్డిలా ఉంటుంది. రఫియా ఉప్పు వేయడం మాత్రం మర్చిపోతుంది పాపం. రోజూ మర్చిపోతుంది. ఈ సంగతి స్రవ్యకు తెలియనీయకండి.


జల్‌పల్లి,
సోమవారం

అన్నయ్య గారికి,

మీ ఉత్తరంలో పైన రాసిందంతా ఒక ఎత్తు. కింద రాసింది ఒక ఎత్తు. అది చదివాక నాకు అన్నం సహించలేదు.

ఉప్పుగూడలో పప్పుల దుకాణం ఉన్న మనిషి, ఇంటి పెద్ద, తన ఇంట్లో కడుపు నిండక పక్కింట్లో పప్పు తింటున్నారు. గడప దాటి పోయి తినడానికి మీకు కాళ్లున్నాయి, స్నేహితుడున్నాడు. ఆరో నెల పిల్ల ఎవరింటికి పోతుంది? పక్కింటి గిన్నెలో చెయ్యి పెట్టగలదా?

"ఎక్కువే ఉంటుంది" అని రాశారు. మీ గరిటెడు కంటే ఎక్కువంటే గరిటెన్నర. అది కూడా ఎక్కువే.

మా ఆయనకు, స్రవ్య బాపుకు, ఉత్తరాలు చూపించాను. ఆయన కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, తొందరపడి మాట్లాడడు. కాగితాలు మడిచి నాకిచ్చి, "తోల్కరా పోవే," అన్నాడు.

శుక్రవారం వస్తున్నాను. సీమంతం దాకా ఆగేది లేదు. బిడ్డను తీసుకుపోతాను. మీ కాగితం, మీ కాంటా మీ దగ్గరే ఉంచుకోండి.

ఇట్లు,
విమలాదేవి

తా.క. వచ్చేటప్పుడు నా అన్నం నేనే తెచ్చుకుంటాను. మీ ఇంట్లో నాది ఏ వరసో తెలియదు.


ఉప్పుగూడ,
బుధవారం

చెల్లెమ్మ గారికి, చేతులు జోడించి రాసేది.

శుక్రవారం రావద్దు. వచ్చినా తీసుకుపోవద్దు.

సీమంతం కాకముందే కోడలు పెట్టె పట్టుకుని పోతే మా గల్లీ ఏమనుకుంటుందో ఆలోచించండి. ఇప్పటికే మాట బయటకు పొక్కింది. నిన్న కందిపప్పు కొనడానికి వచ్చినావిడ, "మస్తు పప్పుంది గద సేటు, కోడలికి ఉడకేస్తలేవా?" అని నా ముఖం మీదే అడిగింది. నలభై ఏళ్లలో నా కాంటాను ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇప్పుడు నా ఇంటి అన్నం గురించి బజారులో మాట్లాడుతున్నారు.

నా అన్నమైనా ఆమెకే ఇద్దామని నిన్న నా గరిటెడు తీసి స్రవ్య కంచంలో వేశాను.

"ఇదేంది మామయ్యా?"

"నువ్వు తినమ్మా. నాకు ఆకలి లేదు."

ఆమె నా ముఖం చూసింది. ఆ అన్నం తీసి కాంటా మీద పెట్టి, సరిగ్గా ఉందని చూసి, మళ్లీ నా కంచంలో వేసింది. సాయిప్రియ మాత్రం కొంగులాగా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. పిల్ల ఏడ్చిందనుకుంటాను. మంచి మనసు.

మీ అమ్మాయి లేకపోతే ఈ ఇల్లు నడవదు. మూడేళ్ల కింద నా భార్య పోయాక దేవుడి దీపం పెట్టేదీ, నా బీపీ గోలీ అందించేదీ ఆమే. ఈ మాట ఆమె ముందు అనలేను. తూకం ఇంకా తగ్గించినా సరే, ఇక్కడే ఉండనివ్వండి.

ఇట్లు,
వైకుంఠం

తా.క. అయినా వస్తానంటే మీ అత్తగారి సోల పట్టుకు రండి. ఈ ఇంట్లో కాంటాకు ఎదురు మాట్లాడే వస్తువు ఒకటి ఉండాలి.


జల్‌పల్లి,
ఆదివారం

అన్నయ్య వైకుంఠం గారికి విమలాదేవి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. మీరు కూడా క్షేమమేనని కళ్లారా చూసి వచ్చాను కాబట్టి అడగడం లేదు.

శుక్రవారం నేను వచ్చేసరికి మీరు ఇంట్లో లేరు. వియ్యంపురాలు వచ్చిన రోజే మీకు దుకాణంలో సరుకు దించుకోవడం గుర్తొచ్చిందట. మంచిదే అయింది. మీరుంటే నా బిడ్డ నోరు విప్పేది కాదు.

దాని కంచం చూశాను. నిండుగా ఉంది. అన్నం, పప్పు, తోటకూర, గుడ్డు, పెరుగు. నేను తెచ్చుకున్న డబ్బా మూత కూడా తీయలేదు. "మరి ఆ ముసలాయనకు గరిటెడేందే?" అని అడిగాను.

"కాగితంల రాసింది బియ్యం తూకమే అమ్మా, అన్నం తూకం కాదు. బియ్యం ఉడికితే నీళ్లు తాగి ఇంచుమించు మూడింతలైతది. మా ముగ్గురియి బియ్యంగనే తూస్తున్న. మామయ్య కంచంల తూచుమన్నడు. పెద్దోళ్ల మాట గదా, ఆయనది కంచంలనే తూస్తున్న."

మీరు నలభై ఏళ్లు గింజలు అమ్మారు. ఒక్కరోజు కూడా వండలేదు.

"అయితే కడుపు మాడ్సినవా?" అని కోప్పడ్డాను.

"ఎందుకు మాడుస్త? తక్కువబడ్డదంతా రఫియా ఖాలాకు పంపుతున్న. జొన్నపిండి, పప్పు, పాలకూర, అన్నీ తూచే. ఉప్పు తక్కువ వెయ్యమని కూడ చెప్పిన, బీపీ ఉన్నది గదా. ఇంట్ల పెడితే గడ్డి అంటడు. ఆడ పెడితే దావత్ అంటడు. ఆయనకు ఆకుకూర తినిపియ్యనీకె నాకు ఇంకో తోవ దొరకలే."

అప్పుడే రఫియా గిన్నె పట్టుకుని వచ్చింది, మర్నాటి పాలకూర తీసుకుపోవడానికి. నన్ను చూసి కంగారుపడి, "సేట్ సాబ్‌కు చెప్పకుండ్రి అమ్మా. రోజూ దొంగతనంగ వచ్చి ఎంత ఖుషీగ తింటడో," అంది. మీ మనవరాలు మళ్లీ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు.

మీ సంగతి స్రవ్యకు చెప్పొద్దని మీరు రాశారు. దాని సంగతి మీకు చెప్పొద్దని అది ఒట్టు వేయించుకుంది. మీ మాట నిలబెట్టాను, చెప్పాల్సిన అవసరమే పడలేదు కాబట్టి. దాని మాట ఇదిగో తప్పాను.

దాన్ని రమ్మంటే రానంది. "నేనొస్తే మామయ్య నాలుగింటి తిండి ఎవరు సూస్తరు?" అంది. సీమంతం మీ ఇంట్లోనే కానివ్వండి. తర్వాత వచ్చి తీసుకుపోతాను. నన్నడిగిన వాళ్లందరికీ మీ ఇంట్లో కంచాలు నిండుగా ఉన్నాయనే చెబుతున్నాను. మీ కంచం సంగతి చెప్పడం లేదు.

రేపు నాలుగింటికి మామూలుగానే గల్లీలోకి పోండి. తెలియనట్టే తినండి. ఉప్పు అడగకండి.

ఇట్లు,
మీ చెల్లెమ్మ,
విమలాదేవి

తా.క. ఆ కాగితం నేనూ రాయించుకుని తెచ్చుకున్నాను. స్రవ్య బాపుకు కూడా అరవై దాటాయి, ఆయన కూడా ఆకుకూర ముట్టడు. నిన్నటి నుంచి కంచంలోనే తూస్తున్నాను. ఆయన మీకు ఉత్తరం రాస్తే, ఇషాక్ భాయ్‌కి మా వీధిలో నాలుగింటికి పప్పు పెట్టే తెలిసిన ఇల్లు ఏదైనా ఉందేమో కనుక్కుని నాకు మాత్రమే చెప్పండి.