ఎగిరిన గంటకే కూలి

చందానగర్,
ఆదివారం పొద్దున.

అన్నయ్యకు తమ్ముడు రామం నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, వదినా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. చిన్నవాడికి గవదలు తగ్గాయా? వదిన నడుము నొప్పి ఎలా ఉంది? బాబాయిగారు కంటి ఆపరేషనుకి ఒప్పుకున్నారో లేదో నువ్వు రాయలేదు. నేను క్షేమమని రాశాను గదా, ఆ మాటని మరీ గట్టిగా పట్టుకోకుండా మిగతాది చదువు.

నీ ఉత్తరం మొన్న అందింది. నా పాత బేగంపేట చిరునామాకి వెళ్ళి, అక్కడ ఎవరో కొట్టేసి కొత్తది రాస్తే, తిరిగి తిరిగి ఇక్కడికి చేరింది. పైలట్లు జీతాలు పెంచమని సమ్మె నోటీసు ఇచ్చారని పేపర్లో చదివి ఒళ్ళు మండిందన్నావు. "నాట్లు వేసే మనిషి పొద్దస్తమానం బురదలో వంగితే వచ్చేదెంత, మీరు మేఘాల్లో కూర్చుని కాఫీ తాగితే వచ్చేదెంత? ఇంకా కావాలా? సిగ్గు లేదా?" అని రాశావు. ఆ కింది వాక్యంలోనే చేలో బోరు వేయిస్తున్నానని, ఈసారి కాస్త ఎక్కువ పంపమని రాశావు. రెండిటికీ మధ్య సిరా కూడా మారలేదు.

సమ్మెలో నేను లేనన్నయ్యా. ఉండే అర్హత లేదు. ఇకమీద నేను విమానం నడపను. నా ఎడమ చెవి పోయింది. నాలుగు నెలలు దాటింది. పోయిన వారం ఆఖరి పరీక్ష చేసి, లైసెన్సు తిరిగి ఇవ్వడం కుదరదని తేల్చేశారు. ఇన్నాళ్ళూ పని ఎక్కువగా ఉందని రెండు ముక్కలు గీకి పంపింది అందుకే. డబ్బు తగ్గేసరికి మీరేమనుకున్నారో నాకు తెలుసు. పట్నంలో ఎవరినైనా చూసుకున్నావా అని వదిన అడగనే అడిగింది. చూసుకున్నాను, చెవి డాక్టర్ని.

మా జీతం గురించి అంత మాట అన్నావు గనక, అది ఎలా వస్తుందో చెబుతాను. నిన్ను నొప్పించాలని రాయడం లేదు అందామనుకున్నాను గానీ, కొంత అందుకే రాస్తున్నాను.

నెల జీతమని ఒకటి ఉంటుంది. నాలాంటి కుర్ర కో-పైలట్‌కి అది పెద్ద చెప్పుకోదగ్గది కాదు. అసలు డబ్బంతా ఎగిరిన గంటలకి వస్తుంది. విమానం ఆగి ఉన్నప్పుడు కదలకుండా చక్రాల కింద చెక్క దిమ్మలు పెడతారు. అవి లాగేసినప్పుడు మా గంట మొదలవుతుంది. ఇంకో ఊళ్ళో దిగాక మళ్ళీ దిమ్మలు పెట్టగానే అయిపోతుంది. తెల్లారకుండా లేచి వెళ్ళి, వాతావరణం కాగితాలు చదివి, రెక్కల కింద వంగి వంగి చూసి, మంచు విడేదాకా ఇస్త్రీ నలగకుండా కుర్చీలో కూర్చున్న పొద్దంతా ఆ లెక్కలోకి రాదు. జలుబు చేసి మంచమెక్కిన రోజు అసలే రాదు.

అయినా మాకొచ్చేది ఎక్కువే. నేను కాదనను. విమానం కింద వెల్లకిలా పడుకుని నట్లు బిగించే మెకానిక్ చేతిలోనూ అన్ని ప్రాణాలూ ఉంటాయి, అతనింట్లో ఫ్యాను కూడా లేదు. నేను ఆ డబ్బుతో మంచి బూట్లు కొన్నాను, స్నేహితులకి బిర్యానీలు తినిపించాను, మీ ఇంటికి రేడియో పంపాను. అది న్యాయమా అని అప్పుడు నువ్వు అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

ఆ రోజు మద్రాసు వెళ్ళి రావాలి. రెండు రోజులుగా నాకు ముక్కు దిబ్బడ, గొంతు బొంగురు. మా కెప్టెన్ ముక్కోపే గానీ మనిషి మంచివాడు. నా వాలకం చూసి, "వద్దులే, ఇంటికి పో. వేరేవాణ్ణి పిలిపిస్తాను" అన్నాడు. జలుబుతో ఎగరకూడదని మాకు మొదటి రోజే నేర్పుతారు. పైనుంచి కిందికి దిగేటప్పుడు చెవి లోపల గాలి సర్దుకోకపోతే పొర చిరిగిపోతుంది. ప్రయాణికులకి కూడా అందుకే దిగేముందు పిప్పరమెంట్లూ, దూదీ పంచుతారు. నేను వచ్చినప్పుడల్లా పిల్లలకి తెచ్చేవాణ్ణే, ఆ పిప్పరమెంట్లే.

కానీ ఆ నెల ముసురుకి సగం రోజులు నేలమీదే గడిచాయి. నా జేబులో నీ ఉత్తరం ఉంది. "నాట్లలోగా డబ్బు పంపకపోతే నలుగురిలో నా పరువు పోతుంది" అని నువ్వు కింద గీత గీసి మరీ రాసిన ఉత్తరం. "బాగానే ఉన్నాను సార్" అన్నాను. బాగానే ఉన్నానని కాగితం మీద సంతకం కూడా పెట్టాను.

తిరుగు ప్రయాణంలో కొండాపూర్ గుట్టల మీదుగా దిగుతున్నాం. చెవిలో దబ్బనం పెట్టి తిప్పినట్టు అనిపించింది. అరవడానికి లేదు, వెనక జనం ఉన్నారు. కెప్టెన్ ఏదో అంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి. చక్రాలు నేలని తాకిన చప్పుడు నాకు ఒకవైపునుంచే వినిపించింది. పొర చిరిగితే అతుక్కునేదే, లోపలి నరం దెబ్బతింది, అది మళ్ళీ రాదన్నారు డాక్టర్లు.

నీ తప్పేమీ లేదని ఇక్కడ ఒక మాట రాద్దామని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. రాయలేకపోయాను. నాకు ఆ డబ్బు ఆశ లేదనీ రాయలేను.

ఆఫీసుకి వెళ్ళి అడిగితే పెద్ద అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "జలుబుతో ఎగరమని నీకెవరు చెప్పారయ్యా? నువ్వే సంతకం పెట్టావు కదా" అన్నాడు. నిజమే, ఎవరూ చెప్పలేదు. దయతలచి ఉద్యోగం తీసేయకుండా విమానాశ్రయంలో విచారణ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. విమానం ఎందుకు ఆలస్యమని వచ్చి అడిగేవాళ్ళకి సమాధానం చెప్పాలి. ఒక చెవి లేనివాడికి వాళ్ళు ఏరి ఇచ్చిన పని అది. ఎడమవైపు నించున్నవాళ్ళు రెండుసార్లు అడిగి, మూడోసారి నన్ను పొగరుబోతు అంటారు. కుడివైపువాళ్ళు నవ్వుతుంటే చూసి, అటు ఎవరో ఏదో అన్నారని తెలుసుకుంటాను.

గంటల డబ్బు పోయింది గనక బేగంపేట ఇల్లు వదిలేశాను. చందానగర్ బొంబాయి రోడ్డు మీద పల్లెటూరు. పొద్దున్నే లింగంపల్లి స్టేషనుకి నడిచి, రైల్లో బేగంపేట వెళ్ళి వస్తాను. చుట్టూ రాళ్ళు, జొన్న చేలు, సీతాఫలం చెట్లు. ఎండ మన వైపులా చెమట పట్టించదు, ఒళ్ళు ఎండబెడుతుంది. జొన్నరొట్టె అలవాటైంది. భోజనానికి ఢోకా లేదు, దిగులు పడకు. సాయంత్రాలే గడవవు. మాట్లాడుకోవడానికి ఇంటాయన యాదగిరి తప్ప ఎవరూ లేరు.

యాదగిరి కొండాపూర్ గుట్టల్లో రాయి కొడతాడు. తను కొట్టిన రాళ్ళతోనే రెండు గదులు కట్టుకుని ఒకటి నాకు కిరాయికి ఇచ్చాడు. మొదటి వారంలోనే అరుగు మీద కూర్చోబెట్టి అడిగాడు.

"గాలిమోటర్ నడిపెటోనివంట గద సారూ. గంత నౌకరి ఉండంగ ఈడికొచ్చి పడ్డవేంది?"

చెవి సంగతి చెప్పాను. ఎగిరితేనే డబ్బని కూడా చెప్పాను.

అతను చుట్ట ఆర్పాడు. "అంటె మీది గూడ గుత్త పనే అన్నట్టు. నాకు బండికింత, మీకు గంటకింత. పానం బాగలేదని పండుకుంటె ఇద్దరికీ ఏం లేదు." ఎడమ చెయ్యి చాపి చూపించాడు. చూపుడువేలు సగమే ఉంది. "జరం మీద పోయిన ఆ దినం. సుత్తె జారింది. మేస్త్రి ఏమన్నడో ఎరుకేనా? నిన్నెవడు రమ్మన్నడురా అన్నడు."

ఆఫీసులో నాతో అన్నదీ అదే మాటని చెబితే, అతను ఆశ్చర్యపోలేదు. "ఇంగ్లీషుల అన్నడా, తెలుగుల అన్నడా?" అని మాత్రం అడిగాడు.

సెలవురోజుల్లో అతనితో గుట్ట మీదికి వెళ్తున్నాను. విమానాలు సరిగ్గా ఆ గుట్ట మీదుగానే దిగుతాయి. అవి వచ్చేది ముందు యాదగిరికి వినపడుతుంది, తర్వాత నాకు. లోపల కూర్చున్నవాళ్ళు తమని నడిపేవాడు దండిగా జీతం తీసుకుంటున్నాడని ధైర్యంగా ఉంటారు. వాళ్ళకి కావలసింది, ఒంట్లో బాగాలేని రోజు "నేను నడపను" అని చెప్పగలిగే మనిషి. ఆ మాటకి మాత్రం మాకెవరూ పైసా ఇవ్వరు. ఇప్పుడు సమ్మె నోటీసు ఇచ్చిన మావాళ్ళు కూడా గంటకి ఇంకాస్త పెంచమంటున్నారు గానీ, జబ్బు చేసిన రోజుకి ఇమ్మని అడగడం లేదు. నేను వెళ్ళి చెప్పాను. ముందు ఇది రానీ, అది తర్వాత చూద్దాం అన్నారు. వాళ్ళందరికీ రెండు చెవులూ ఉన్నాయి.

బోరుకి నేను పంపగలిగింది ఏమీ లేదు. నన్ను ఫ్లయింగ్ క్లబ్బులో చేర్పించడానికి నువ్వు కాలవ కింద పొలం చెక్క అమ్మేశావని నేను మరిచిపోలేదు. ఆ మాట నువ్వు ఎన్నిసార్లు గుర్తు చేసినా కాదనలేదు, ఇప్పుడూ కాదనను. ఇన్నేళ్ళు పంపినదాంట్లో అది తీరిందో లేదో నువ్వే చెప్పు.

చిన్న పని ఒకటి. కొట్టంలో నా పాత సైకిలు ఉంటే టైర్లు మార్పించి రైలు పార్సిల్లో వేయించు. స్టేషనుకి నడక ఎక్కువవుతోంది. వదినని ఒక సీసాడు చింతకాయ పచ్చడి పెట్టి ఉంచమను. పిల్లలకి పిప్పరమెంట్లు ఇక రావని నెమ్మదిగా చెప్పు, ఎందుకో చెప్పకు. బాబాయిగారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

బోరు సంగతి మాట్లాడటానికి వచ్చే వారం వస్తానన్నావు. తప్పకుండా రా, నిన్ను చూసి ఏడాది దాటింది. సికింద్రాబాదులో బండి మారి లింగంపల్లిలో దిగితే నేను ప్లాట్‌ఫారం మీద ఉంటాను. పిలిచిన వెంటనే తిరక్కపోతే కోపం తెచ్చుకోకు. ఇంటిదాకా నా కుడి పక్కన నడువు. వదిన కబుర్లూ, పిల్లల చదువులూ, ఊళ్ళో సంగతులూ అన్నీ ఆ పక్కనుంచి చెప్పు, ఒక్క మాట పోకుండా వింటాను. పైలట్ల జీతాల గురించి ఇంకా ఏమైనా అనాలని ఉంటే మాత్రం, ఎడమ పక్కకి వచ్చి అను.

నీ దీవెన కోరే తమ్ముడు,
రామం