బస్సు ఆపించాను

మంగళవారం, రాత్రి

ఈరోజు నా కోసం బస్సు ఆగింది. సిగ్గుపడాల్సింది, పడలేదు.

వెన్నెముకకు టీబీ వచ్చినప్పటి నుంచి ఒంటేలు వస్తోందని నాకు తెలియడమే మానేసింది. ఒంటేలుకు పెట్టిన గొట్టం తీసేశాక మూడు గంటలకోసారి, వచ్చినా రాకున్నా, పోయి కూర్చోమంది నర్సు. కాస్త ఆలస్యమైతే చీర తడిసిపోయేది.

ధర్మపురి ఆసుపత్రి నుంచి మా ఊరు బొమ్మిడికి తిరిగి వస్తుంటే, దారి మధ్యలో పొత్తికడుపు బరువెక్కింది. తిన్న ఇడ్లీ అరగలేదనుకున్నాను. కాసేపటికి గుర్తుపట్టాను.

“బస్సు నిలపమని చెప్పయ్యా, ఒంటేలుకు పోవాల,” అన్నాను మా ఆయనతో.

మూడు గంటలకోసారి మోగేలా అలారం పెట్టిన ఫోన్ చూశాడు ఆయన. “ఇంకా గంటుంది కదే!”

“గంట సంగతి కాదు. వస్తా ఉండాది. నాకే తెలుస్తా ఉండాది.”

అంతే, ఆయన లేచి నిలబడి బస్సు ఆపమని అరిచాడు. ఎక్కకముందే పోయి రాకూడదా అని కండక్టర్ అరవంలో కసిరాడు. ఒక్క మాట పడని మనిషి, మా ఆయన, తిట్లు తింటూ నవ్వుతున్నాడు.

రోడ్డు పక్క పొద చాటున ఆయన తువ్వాలు అడ్డం పట్టాడు. మాత్రల వల్ల ఎప్పటిలాగే ఎర్రగా వచ్చింది. చీర మాత్రం తడవలేదు.

ఇలా తెలియడం ఒక్కసారి వచ్చి పోయేదేమో. డాక్టరమ్మకు ఇప్పుడే చెప్పాలా, ఇంకోసారి తెలిసేదాకా ఆగాలా...

ఫోన్‌లో అలారం తీసేద్దామా అని అడిగాడు ఆయన. వద్దన్నాను. అది మోగేలోపే నాకు మెలకువ రావాలి.